రిబ్బనక్క పట్టుకున్న సూది దారి

ఆసుపత్రి కింది అంతస్తులో ఎక్స్‌రే గది దాటాక ఉన్న ల్యాబులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. హాజరు పట్టీలో తప్ప ఆ పేరు ఎక్కడా కనిపించదు. అందరికీ ఆమె రిబ్బనక్క. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో బిగించి, ఆ మైనం బ్లాకును కోత యంత్రానికి తగిలించి చక్రం తిప్పితే, వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందం ఉన్న పొరలు అంచుకు అంచు అంటుకుని రిబ్బనులా జారుతాయి. దాన్ని గోరువెచ్చని నీళ్ళ మీద ముడత పడకుండా పరిచి గాజు స్లైడు మీదికి ఎత్తాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె చేస్తున్నది అదే.

ఆమె ఈ పనిలోకి వచ్చింది గడ్డం కత్తి పుణ్యమా అని. తండ్రికి క్షవరశాల ఉండేది. కత్తిని తోలు పట్టీ మీద నూరడం ఆమెకు పదేళ్ళకే చేతికొచ్చింది. అప్పట్లో ల్యాబు కత్తులనూ చేత్తోనే నూరుకునేవాళ్ళు. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ల్యాబు పెద్దాయన ఆ పిల్ల చెయ్యి ఆడే తీరు చూసి, "ఈ పిల్లను నాకిచ్చెయ్యవయ్యా" అన్నాడు. తండ్రి గతుక్కుమని, "మీకు పెళ్ళీడు కొడుకున్నాడా బాబూ?" అని అడిగాడు. ఇంట్లో ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. పెళ్ళి మాత్రం తర్వాత ఒక బస్సు డ్రైవరుతో అయింది.

ఆ బుధవారం ఉదయం డాక్టరమ్మ తానే కోత గదిలోకి వచ్చింది. ఆమె స్లైడులు చదివి జబ్బు పేరు చెప్పే డాక్టరు. వయసులో రిబ్బనక్క కంటే పదిహేనేళ్ళు చిన్న. ఎప్పుడూ స్లైడుల ట్రే పంపించి ఊరుకునే మనిషి, ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చుంది.

పదకొండేళ్ళ అమ్మాయి. బడికి వెళ్ళేటప్పుడు కాలరు గుండీ పెడుతుంటే తల్లి వేలికి మెడలో గడ్డ తగిలింది. థైరాయిడ్ గ్రంథిలో సగం, గడ్డతో సహా తీసేశారు. పెద్దవాళ్ళలో ఇలాంటి గడ్డలు చాలామట్టుకు మంచివే. పిల్లల్లో గడ్డలు రావడమే తక్కువ గానీ, వస్తే నాలుగైదింటిలో ఒకటి క్యాన్సరు. పైగా ఈ రకం గడ్డలో మంచిదీ చెడ్డదీ కవల పిల్లల్లా ఉంటాయి. కణాలను ఎంత చూసినా తేడా తెలియదు, అందుకే ఆపరేషన్‌కు ముందు గడ్డలోంచి కణాలు లాగి చూసిన సూది పరీక్ష ఏమీ తేల్చలేకపోయింది. తేడా అంతా గడ్డ చుట్టూ ఉండే పొరలో ఉంటుంది. గడ్డ ఆ పొర లోపలే బుద్ధిగా కూర్చుంటే భయం లేదు. పొర చీల్చుకుని బయటపడినా, రక్తనాళంలోకి దూరినా క్యాన్సరే. ఇదంతా రిబ్బనక్కకు తెలిసిందే. ఆ పొరను వదలకుండా మొత్తం పంతొమ్మిది బ్లాకులు కోసింది తనే.

పదకొండో బ్లాకులో పొర తెగి ఉందని డాక్టరమ్మ చెప్పింది. తెగిన చోట గడ్డ కణాలు కొద్దిగా పైకి ఉబికాయి. అది నిజంగా చీల్చుకు రావడమే అయితే మిగిలిన సగం గ్రంథి కూడా తీయాల్సి రావచ్చు. అప్పుడు ఆ పిల్ల బతికినన్నాళ్ళూ రోజూ మాత్ర మింగాలి. మర్నాడు సాయంత్రం నాలుగింటికి సర్జను తల్లిదండ్రులను రమ్మన్నాడు.

"ఇంకా లోతుకు కోసి చూడాలక్కా. కానీ ఆ బ్లాకులో మిగిలింది బియ్యపు గింజంత కూడా లేదు. కోతలో ఒక్క పొర పోయినా మళ్ళీ రాదు."

"నాతో ఎవరూ మాట్లాడకండి, ఫ్యాను ఆపెయ్యండి, చాలు" అంది రిబ్బనక్క.

బ్లాకును మంచు మీద చల్లబరిచింది. కొత్త బ్లేడు వేసింది. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చక్రం తిప్పడం మొదలుపెట్టింది. నుదుటి చెమట బ్లాకు మీద పడుతుందేమోనని తలకు తువ్వాలు చుట్టుకుంది. నలభై పొరలు ఒక్కటీ చిరగకుండా నీళ్ళ మీదికి దిగాయి. నలభై ఒకటో దాని దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

మైనంలో మెరుస్తున్న ముక్క మీద, పొర తెగిన చోటు నుంచి లోపలికి, గోధుమ రంగులో సన్నటి గీత ఒకటి కనిపించింది. భూతద్దం తెచ్చి చూసింది. తిన్నగా ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. గడ్డలు తిన్నగా పెరగడం ఆమె ముప్పై ఒక్క ఏళ్ళలో చూడలేదు. కోసిన పొరలకు వరుస నంబర్లు వేసి జాగ్రత్త చేసి, డాక్టరమ్మ గదికి దాదాపు పరుగెత్తింది.

"డాక్టరమ్మా, ఇది గడ్డ తెంపుకున్నది కాదేమో. సూది గుచ్చిన దారేమో చూడండి."

డాక్టరమ్మకు ఆ అనుమానం ముందే వచ్చి పోయింది. ముక్కతో పాటు వచ్చిన ఫారంలో సూది పరీక్ష ఒక్కసారే, అదీ కింది వైపు నుంచి చేశారని రాసి ఉంది. తెగింది పైన, ముందు వైపు. ఆ మాటే చెప్పింది. రిబ్బనక్క వెనక్కి తగ్గలేదు. సూది గుచ్చితే నెత్తురు చిమ్ముతుంది, నెత్తురు ఆరిపోయినా అందులోని ఇనుము అక్కడే ఉంటుంది. ఇనుము తగిలితే నీలంగా మారే రంగు అలమరలోనే ఉంది. గంట పని.

"వేసెయ్యి అక్కా" అంది డాక్టరమ్మ.

రంగు పనిచేస్తోందో లేదో తెలియడానికి, ఇనుము ఉందని ముందే తెలిసిన పాత ముక్కనొకదాన్ని, గీత ఉన్న చోట కోసిన పొర పక్కన పెట్టి రెండు స్లైడులూ కలిపి ముంచారు. ఇరవై నిమిషాలు ఆగాలి. రిబ్బనక్క గోడ గడియారం వైపు చూడనని ఒట్టు పెట్టుకుని ప్రతి నిమిషమూ చూసింది. పాత ముక్క నీలంగా మారింది. ఆ పిల్లది మామూలు కంటికి అంతా గులాబీ రంగుగానే ఉంది. రిబ్బనక్క ప్రాణం ఉసూరుమంది.

డాక్టరమ్మ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి మెల్లగా జరిపింది. తర్వాత కుర్చీలోంచి లేచి, "నువ్వే చూడు" అంది.

గులాబీ రంగు మధ్యలో నీలి చుక్కలు. ఒకదాని వెనుక ఒకటి, చీమల బారులా, పొర తెగిన చోటు నుంచి తిన్నగా లోపలికి. దానికి కాస్త పక్కగా అలాంటి బారే మరొకటి. దాని పక్కన మూడోది.

రిబ్బనక్కకు కాళ్ళు నేల మీద నిలవలేదు. డాక్టరమ్మ మాత్రం అప్పుడే తొందరపడొద్దంది. గడ్డ దానంతట అదే కూడా నెత్తురు కక్కవచ్చు, నీలి చుక్కల సాక్ష్యం ఒక్కటే చాలదు. సర్జనుకు ఫోను చేసి, పాపను ముందు ఇంకెక్కడైనా చూపించారేమో కనుక్కోమంది. ఆయన పాప తల్లికి ఫోను చేశాడు. పావుగంటలో తిరిగి ఫోను వచ్చింది. డాక్టరమ్మ స్పీకరు నొక్కింది.

"అంతకు ముందు ఇంకో క్లినిక్‌లో గుచ్చారట. ముందు వైపు, మూడుసార్లు. చాలినన్ని కణాలు రాలేదని రిపోర్టే ఇవ్వలేదట. రిపోర్టు లేదు కదా అని వాళ్ళు మనకు చెప్పనే లేదు."

మూడు గీతలు, మూడు పోట్లు. డాక్టరమ్మ బల్ల మీద గట్టిగా ఒక్క దెబ్బ కొట్టింది. పెన్నుల డబ్బా దొర్లి కింద పడింది. ఎవరూ ఎత్తలేదు.

అయినా ఆ సాయంత్రం వరకూ ఇద్దరూ కూర్చుని నలభై పొరలూ, తర్వాత కోసినవీ, మిగతా పద్దెనిమిది బ్లాకులూ మళ్ళీ మొదటి నుంచి చూశారు. సూది దారి పక్కన దెబ్బ మానుతున్న మచ్చ ఉంది. ఉబికిన కణాలు లోతుకు పోయేకొద్దీ తగ్గి, పొర దాటకుండానే ఆగిపోయాయి. రక్తనాళాల్లో ఏమీ లేదు. పొర మరెక్కడా తెగలేదు. మామూలు గడ్డ, క్యాన్సరు కాదు అని డాక్టరమ్మ రిపోర్టు రాసి సంతకం పెట్టింది.

ఇంటికి వెళ్ళి భర్తకు చెబుతుంటే రిబ్బనక్కకు మాటకు మాట అందలేదు. చేతులతో గాలిలో పొరలు కోసి చూపించింది. "ఆ పిల్లను నువ్వు చూశావా?" అని అడిగాడు భర్త.

"చూళ్ళేదండీ. మెడ లోపల ఏముందో మాత్రం వాళ్ళమ్మ కంటే నాకే ఎక్కువ తెలుసు" అంది.

మర్నాడు నాలుగింటికి సర్జను గదిలో ఏం జరిగిందో ఆమెకు డాక్టరమ్మే చెప్పింది. తల్లి ఏడ్చిందట. తండ్రి రిపోర్టు తలకిందులుగా పట్టుకుని రెండుసార్లు చదివాడట. పాప మాత్రం పరుగు పందేలకు ఎప్పటి నుంచి వెళ్ళవచ్చో అడిగిందట. రెండో ఆపరేషన్ మాట ఇంక రాలేదు. ఏటా చేసే స్కానింగులో రెండేళ్ళుగా మిగిలిన సగం శుభ్రంగా ఉంది.

ఈ సంగతి జరిగిన నెలాఖరునే డాక్టర్ల సమావేశంలో రిబ్బనక్కను మాట్లాడమన్నారు. రాత్రంతా కూర్చుని కంఠతా పట్టిన మాటలు వేదిక ఎక్కగానే గాలికి పోయాయి. అందుకని గోడ మీద వెలిగిన నీలి చుక్కల బొమ్మను చూపించి, "ఇది సూది చేసిన పని. గడ్డ చేసిన పని ఇలా ఉండదు" అంది. వెనుక వరుసలో నుంచి ఒక పెద్ద డాక్టరు, మరి గడ్డ చేసింది ఎలా ఉంటుందో కూడా చెప్పమన్నాడు. రిబ్బనక్క కొంగు నడుముకు దోపుకుని సుద్దముక్క అందుకుంది. ఆమెకిచ్చిన సమయం ఐదు నిమిషాలు. నలభై నిమిషాలైనా ఎవరూ గంట కొట్టలేదు.