మూడున్నర గంటల ప్రయాణం

మాంసం కొట్టు నడిపే ఆ మనిషిని వీధిలో అందరూ 'నిప్పు' అనేవారు. మాట కంటే ముందు చెయ్యి లేచే రకం. తూకం తగ్గిందన్నవాడి పళ్లు తూకపు రాయితోనే రాలగొట్టి, తర్వాత తూచి చూసి, "నిజమే, తగ్గింది" అని ఇంకో ముక్క వేసి పంపిన ఘనుడు. అమ్మ పోయాక చెల్లెల్ని సాకింది అతనే. బడిలో ఆమె జడ లాగినవాడి దవడ వారం దాకా వాపు తగ్గలేదు. తన కోపమే ఆమెకు కాపలా అని అతని నమ్మకం.

పెళ్లయ్యాక ఆ పిల్ల రెండు వేల కిలోమీటర్ల అవతలికి కాపురానికి వెళ్లింది. ఓ ఉదయం ఫోను చేసింది. "అన్నయ్యా" అంది, అంతే. బెల్టు దెబ్బ, ఆమె కేక, మళ్లీ బెల్టు. ఫోను కట్ అయింది. నిప్పు షట్టరు కూడా దించకుండా చేతిలో కత్తితోనే పరుగెత్తాడు.

వీధి చివర ప్రయాణాల టికెట్లు అమ్మే ఆవిడ ఆ కత్తి చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"రైల్లో అయితే రెండు రోజులండీ. విమానంలో మూడున్నర గంటలు. కానీ కత్తి రానివ్వరు."

"అక్కర్లేదు. వాడికి ఈ చేతులు చాలు." కత్తి ఆవిడ బల్ల మీదే వదిలేశాడు.

విమానం ఎక్కేముందు చెల్లెలి మొగుడికి ఫోను కలిపాడు. వాడు గోదాములో సరుకు చూసుకునే మనిషి.

"ఒరేయ్, బయల్దేరా. మూడున్నర గంటల్లో దిగుతా. ఏ కీలుకా కీలు ఊడదీస్తా, కాచుకో!"

అవతల లారీల హోరు మధ్య వాడు ఫోను పెట్టేశాడు. వాడు హడలిపోయాడని నిప్పుకి కడుపు నిండిపోయింది. దారి పొడుగునా మనసులో వాణ్ణి చంపుతూనే ఉన్నాడు. పక్క సీటు పెద్దాయన "బాబూ, అది నా చెయ్యి" అన్నాక గానీ ఆయన మణికట్టు వదల్లేదు.

వెళ్లేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద రక్తం. చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక కన్ను మూసుకుపోయింది. కుడి మోచెయ్యి తిరగకూడని వైపు తిరిగి ఉంది. కీళ్ల సంగతి తెలిసినవాడు, అది ఇక మునుపటిలా రాదని చూడగానే గ్రహించాడు.

"ఎక్కడే వాడు? నరికి పారేస్తా!"

"పారిపోయాడు. పొద్దున నన్ను కొట్టి డ్యూటీకి పోయాడన్నయ్యా. మామూలుగా సాయంత్రం దాకా రాడు. నీ దగ్గరికొచ్చేద్దామని సంచి సర్దుకుంటున్నా. వాడికి నీ ఫోను రాగానే ఇంటికి వచ్చేశాడు. మీ అన్న ఇంకా గాల్లోనే ఉన్నాడు, ఈలోగా నీ సంగతి చూస్తా అన్నాడు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "వస్తున్నానని వాడికెందుకు చెప్పావ్?"

నిప్పు ఆమె ముందు కూలబడ్డాడు. రెండు చేతులతో తన చెంపలు తానే వాయించుకున్నాడు, పెదవి చిట్లి రక్తం కారేదాకా. ఆమె ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుంది.

"చాలన్నయ్యా. ఇంకో దెబ్బ చప్పుడు వినలేను."