వుకోమన్ కుడి భుజం

గంట మోగినా వుకోమన్ పట్టకారు వదలలేదు. వంతు మారాల్సిన ఓగ్న్యెన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆవిరి సమ్మెట మాత్రం ఎర్రటి ఇనుము మీద నేల అదిరేలా పడుతూనే ఉంది.

"జరుగు బాబాయ్, నీ కుర్చీ చల్లారిపోతోంది."

"ఆ కుర్చీలో మీ అమ్మమ్మను కూర్చోబెట్టుకో!"

మొరావా నది ఒడ్డున ఉన్న ఆ కార్ఖానాలో సగం మందికి తలలు నెరిశాయి. నడుములు, మోకాళ్లు పట్టేస్తున్నాయని మేస్త్రీ దెసాంక కొత్త పద్ధతి పెట్టింది. కాసేపు సమ్మెట దగ్గర పనిచేయాలి, గంట మోగగానే వెళ్లి కుర్చీలో కూర్చుని తయారైన సామాను సరిచూడాలి. వుకోమన్‌కు ఆ కుర్చీని చూస్తే పామును చూసినట్టుండేది. పాత యజమాని కాలంలో తోటి పనివాడు మిలిసావ్‌ను అలాగే "కాస్త కూర్చో" అన్నారు. పాపం, మళ్లీ సమ్మెట ముఖం చూడలేదు. నెల తిరక్కుండా ఇంటికి పంపేశారు. అందుకే వుకోమన్ తన కుడి భుజం అరిగిపోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే చొక్కా బొత్తాలు పెట్టేది భార్య రూజిత్స. పెట్టి, అతని ఛాతీ మీద శిలువ గుర్తు వేసి, ఏమీ అడగకుండా సాగనంపేది.

ఆ రోజు భుజమే మోసం చేసింది. పట్టకారు ఒరిగింది. సమ్మెట దెబ్బ అంచున పడి నిప్పుముద్ద ఎగిరింది. ఓగ్న్యెన్ చెవిని కాల్చుకుంటూ పోయి గోడకు తగిలింది.

"చంపేస్తావా, ముసలోడా!"

ఓగ్న్యెన్ అతని గొంతు పట్టుకున్నాడు. వుకోమన్ ఎడమ చేత్తో మూతి మీద గుద్దాడు. ఓగ్న్యెన్ పన్నొకటి ఊడి ఇసుకలో పడింది. ఓగ్న్యెన్ గుడ్డిగా విసిరిన పిడికిలి సరిగ్గా ఆ కుడి భుజం మీదే పడింది. వుకోమన్ పశువులా అరిచి కూలబడ్డాడు, కూలబడి కూడా కాలు పట్టి లాగాడు. ఇద్దరూ మసిలో, నెత్తుట్లో దొర్లారు. దెసాంక పరుగున వచ్చి సమ్మెట ఆపింది. బకెట్టు నీళ్లు ఇద్దరి మీదా కుమ్మరించింది.

"రేపు మన కార్ఖానాను కాచే పునీతుడి పండగ. ఈ ఏడు రొట్టె ఎత్తే పండగ పెద్దవు నువ్వే కదా, వుకోమన్ అన్నా! ఈ ముఖాలతోనే దేవుడి ముందు నిలబడతారా?"

మర్నాడు చర్చి గురువుగారు పెద్ద రొట్టెను శిలువ ఆకారంలో కోసి ద్రాక్షరసం పోశారు. అందరూ పాడుతూ తలో చెయ్యి వేసి రొట్టెను తిప్పారు. ఇక గురువుగారూ పండగ పెద్దా కలిసి దాన్ని పైకెత్తాలి. వుకోమన్ కుడి చెయ్యి ఛాతీ దాటి లేవలేదు. రొట్టె ఒరిగి, రసం మణికట్టు మీదుగా కారింది. పాట ఆగిపోయింది. దాచుకున్నదంతా అందరి కళ్లముందూ బయటపడింది.

వాచిన మూతితో ఓగ్న్యెన్ జరిగి వచ్చి, అతని మోచేతి కింద అరచెయ్యి పెట్టాడు.

"ఎత్తు బాబాయ్," అన్నాడు, పళ్ల సందులోంచి గాలి పోతుంటే. "మొన్నటి గుద్దులో ఉన్న బలమేదీ?"

"నిన్నటి గుద్దు," గొణిగాడు వుకోమన్. రొట్టె పైకి లేచింది.

సోమవారం గంట కొట్టగానే అతను పట్టకారు వదిలాడు. కుర్చీలో ఉన్నంతసేపూ మిలిసావే గుర్తొచ్చాడు. మళ్లీ గంట మోగింది. ఎవరూ పిలవలేదు. లేచి చూశాడు. సమ్మెట దగ్గర పైదూలం నుంచి కొత్త గొలుసు వేలాడుతోంది. పట్టకారు బరువంతా దాని మీదే ఉంది. ఓగ్న్యెన్ నిచ్చెన దిగుతున్నాడు.

"గొలుసు కట్టేసరికి ఆలస్యమైంది. రా బాబాయ్, నీ వంతు. కావాలంటే మళ్లీ గుద్దు, నాకింకా పళ్లున్నాయి."