రెండో చుక్క

మా బావ మీద నాకింకా కోపం పోలేదు. పోదు కూడా. అక్క క్షమించిందంటారా, అది అక్క ఇష్టం.

బావ పాత మోటారుసైకిళ్ల ఇంజిన్ హెడ్లు బాగుచేస్తాడు. హెడ్డంటే ఇంజిను నెత్తిన బిగించే లోహపు దిమ్మ. యాభై, అరవై ఏళ్ల నాటి బళ్లు. కొత్త హెడ్డు ఎక్కడా దొరకదు, ఉన్నదాన్నే బతికించాలి. అందులో వాల్వు ఆడే గొట్టాన్ని గైడంటారు, వేలెడంత కంచు ముక్క. అది అరిగితే ఇంజిను నూనె తాగి పొగ కక్కుతుంది. కొత్త గైడు బిగించాలంటే హెడ్డును కాల్చాలి, ఆ వేడికి కన్నం విచ్చుకుంటుంది. గైడునేమో ఫ్రీజర్లో పెట్టాలి, చలికి సన్నబడుతుంది. అప్పుడు వేస్తే సుతారంగా జారి కూర్చుంటుంది, చల్లారాక హెడ్డు దాన్ని గట్టిగా పట్టేస్తుంది.

ఆ కాల్చడం ఇరవై రెండేళ్లుగా మా అక్క పని. వంటింటి ఓవెన్‌లో. కేకులు చేసుకుంటుందని నేను కొనిచ్చిన ఓవెన్‌లో ఇంతవరకు ఒక్క కేకు కాలలేదు. అక్క మీటరు చూడదు. తడి వేళ్లతో హెడ్డు మీద నాలుగు చుక్కలు చిలకరించి, ఆ చప్పుడు విని, "ఇంకో ఐదు నిమిషాలు" అంటుంది. ఒక్కసారీ తప్పలేదు. పేరు మాత్రం బావది. బాగుచేసిన ప్రతి హెడ్డు మీదా ఓ మూల పంచ్‌తో చుక్క కొడతాడు, అది తన గుర్తట. కాల్చిన మనిషి గుర్తు ఎక్కడా లేదు. ఆ మాటంటే అక్క నవ్వి ఊరుకునేది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తోలుకోటాయన వచ్చాడు. మండుటెండలో కూడా కోటు విప్పడు కాబట్టి మేం పెట్టిన పేరది. నెల క్రితం బాగుచేయించుకున్న హెడ్డును మళ్లీ విప్పి తెచ్చి, షెడ్డులో బల్ల మీద పెట్టాడు.

"గైడు వదులైపోయింది మేస్త్రీ. దారంతా పొగే. నీ పని ఇలా ఉంటుందనుకోలేదు."

బావ హెడ్డు వంక చూడనైనా లేదు. "మా ఆవిడ సరిగ్గా కాల్చి ఉండదండీ," అన్నాడు.

అక్క అప్పుడే టీ పట్టుకొచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! ఇన్నేళ్లలో ఆ షెడ్డులో అక్క ప్రస్తావన వచ్చింది అదే మొదటిసారి, అదీ తప్పు మోపడానికి. నేను నోరు తెరిచేలోపే అక్క టీ గ్లాసులు కింద పెట్టి, హెడ్డు చేతిలోకి తీసుకుంది.

"ఇందులో గైడులెన్ని?"

"రెండు," అన్నాడు బావ.

"వదులైనవెన్ని?"

"ఒకటేనమ్మా," అన్నాడు తోలుకోటాయన.

"రెండూ ఒకే వేడిలో వేయాల్సినవే కదా. నేను సరిగ్గా కాల్చకపోతే ఆ రెండోది ఎలా నిలిచింది?"

అక్క బొటనవేలితో నొక్కింది. వదులు గైడు ఊడి చేతిలో పడింది. దాని ఒళ్లంతా నిలువు గీతలు. చల్లారిన హెడ్డులోకి సుత్తితో దిగ్గొడితే గైడు కన్నాన్ని గీరేస్తూ దిగుతుంది, అప్పుడు పడే గీతలవి.

"మొదటిది వేశారు. ఫోనొచ్చింది. మాట్లాడుకుంటూ వీధిలోకెళ్లారు. చల్లారిపోయింది, మళ్లీ కాలుస్తానన్నాను. 'రెండు దెబ్బలేస్తే అదే దిగుతుందిలే' అన్నారు. అన్నారా లేదా?"

"ఏదో తొందరలో..."

"తొందర మీది, తప్పు నాదా?"

అక్క గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. పక్క షాపువాడు తొంగిచూశాడు. చూడనీ.

మర్నాడు బావ గీసుకుపోయిన కన్నాన్ని సాపు చేసి, దానికి తగ్గట్టు కాస్త లావు గైడు లేత్ మీద తీశాడు. అక్క హెడ్డు కాల్చింది. ఫ్రీజర్లోంచి గైడు తీసి, ఆ చోట బావ ఫోను పెట్టి తలుపేసింది. గైడు కూడా తనే వేసింది. చప్పుడు లేకుండా దిగింది. హెడ్డు చల్లారాక పంచ్ తీసుకుని, బావ చుక్క పక్కనే ఇంకో చుక్క కొట్టింది.

"ఇదేంటి?" అన్నాడు బావ.

"తప్పు నామీద వేశారుగా. ఒప్పులోనూ ఉండనీండి."

సాయంత్రం తోలుకోటాయన వచ్చి హెడ్డు తిప్పి తిప్పి చూశాడు. "నీ గుర్తు ఒక్క చుక్కేగా మేస్త్రీ. ఈ రెండోదెవరిది?"

బావ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. "మా ఆవిడది."

"ఎందుకు పడిందో కూడా చెప్పండి," అంది అక్క, గుమ్మంలోంచి.

చెప్పాడు. నేను కుర్చీ లాక్కుని మరీ విన్నాను.