మూరెడు గుంత

దయ్యాల మాట ఎత్తితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. పదహారేళ్లు భూమి లోపలి గనిలో పనిచేశాను. తరువాత పద్నాలుగేళ్లు, పైనుంచి నేలంతా తవ్వేసే ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తోడే శావెల్ యంత్రం నడిపాను. లైటు ఆరిపోయిన సొరంగంలో ఒక్కణ్ణే కూర్చున్న షిఫ్టులున్నాయి. అక్కడ నాకు ఎలుకలు తప్ప ఎవరూ కనపడలేదు. కాబట్టి ఇది చదివి ముసలాయనకు మతి తప్పింది అనేవాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది. ఆ మాట ఇప్పటికే చాలాసార్లు పడ్డాను.

మాది కమాన్‌పూర్ పక్కన ఒక ఊరు. ఇప్పుడది లేదు, ఓపెన్‌కాస్టులో పోయింది. పోయేముందు గని కంపెనీవాళ్ళు మాకు రెండు చోట్లు చూపించి, ఎక్కడుంటారో రాసివ్వమన్నారు. ఒకటి గోదావరి నీళ్ళు మూడు వైపులా నిలిచిన మిట్ట. ఒక్కటే రోడ్డు, వానాకాలంలో అదీ మునుగుతుంది. రెండోది బొగ్గు రైలు పట్టాలకూ, గనిలోంచి తీసి పోసిన మట్టి గుట్టలకూ మధ్య ఇరుక్కున్న జాగా. గేటు పడిందంటే అరగంట ఎటూ కదలలేం. రెండూ దీవులే. మా ఊరివాళ్ళు మొదటిదానికి నీళ్ళ దీవి అని, రెండోదానికి దుమ్ము దీవి అని పేర్లు పెట్టేశారు.

ఎవరినడిగినా నీళ్ళ దీవే అన్నారు. మంచి గాలి, దగ్గరలో బడి, బోరు వేస్తే నీళ్ళు. నాకూ అదే కావాలి, నా భార్యకూ అదే కావాలి. అందరికంటే ఎక్కువగా మా అక్కకు కావాలి.

అక్క పేరు రాజవ్వ. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. తన భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. ఆమెకు లోకంలో ఒక్కతే స్నేహితురాలు, ఓదెమ్మ. నలభై ఏళ్లుగా గోడకు ఆ పక్క ఓదెమ్మ, ఈ పక్క అక్క. నాట్లకు కలిసి వెళ్ళారు, బీడీలు కలిసి చుట్టారు, పోట్లాడుకున్నా ఆ గోడ దగ్గరే పోట్లాడుకున్నారు. ఓదెమ్మ కొడుకు అప్పటికే నీళ్ళ దీవికి సంతకం పెట్టేశాడు. తమ పక్క జాగా మాకే వచ్చేలా ఓదెమ్మే కొడుకు వెంటపడి మాట్లాడించి పెట్టింది. ఆ వారం అక్క కాలు ఒకచోట నిలవలేదు.

సంతకానికి ముందు నేల చూడమన్నది కూడా అక్కే. మా నాయన పాత ఇల్లు కట్టేముందు చేసిన పనే అది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంత తవ్వి, తీసిన మట్టిని మళ్ళీ దాంట్లోనే పోయాలి. మట్టి మిగిలితే ఆ నేల ఇంటికి కలిసొస్తుంది. చాలకపోతే అక్కడ ఇల్లు కట్టకూడదు.

నాకు నవ్వొచ్చింది. తవ్విన మట్టి ఎప్పుడూ పెరుగుతుంది. లోపల బిగుసుకుని ఉన్నది బయటికి వస్తే గుల్లబారుతుంది. పద్నాలుగేళ్లు నేను చేసిన డ్యూటీ అదే. ఆ లెక్కన ఈ పరీక్షలో ఏ నేలా తప్పదు. అందుకే మారుమాట లేకుండా ఒప్పుకున్నాను.

నా భార్య తమ్ముడు శంకర్‌ను వెంటబెట్టుకుని ఒక ఆదివారం పొద్దున బయల్దేరాను. దారిలో ముందు దుమ్ము దీవి తగిలింది, అక్కడే మొదలుపెట్టాం. బరకం పరిచి మట్టంతా దాని మీదే పోశాను. ఇనుప తట్టతో కొలిస్తే పన్నెండు తట్టలు వచ్చింది. తిరిగి పోస్తే పది తట్టలకే గుంత నిండింది, రెండు మిగిలాయి.

నీళ్ళ దీవికి చేరేసరికి పదకొండయింది. ఎండ బాగా కాస్తోంది. ఓదెమ్మ వాళ్ళ పక్క జాగాలో దిగాం. అదే పార, అదే తట్ట, అదే బరకం. పన్నెండు తట్టలు తీశాం, శంకర్ పైకి లెక్కపెట్టాడు. తిరిగి పోశాం. పన్నెండూ అయిపోయాయి. బరకం దులిపి ఆ దుమ్ము కూడా పోశాను. గుంత ఇంకా బెత్తెడు లోతు ఉంది.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు ఈ నేలను తవ్వి బతికినవాణ్ణి, నాతోనా ఈ ఆటలు అనిపించింది. కింద ఎలుక బొరియ ఉందేమోనని మట్టంతా మళ్ళీ తీశాను. గడ్డపారతో అడుగు పొడిచాను, నాలుగు పక్కలా పొడిచాను. గట్టి మొరం, వేలు దూరే సందు లేదు. కానీ ఈసారి బయటికి వచ్చింది తొమ్మిది తట్టలే. తిరిగి పోస్తే జానెడు వెలితి.

శంకర్ గుంతలో చెయ్యి పెట్టి స్వయంగా జానతో కొలిచాడు. "ఇగ పోదాం పా బావా," అన్నాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, చేత్తో పట్టుకుని బండి దాకా నడిచాడు.

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా భార్య నన్ను తిట్టింది, మా నాయనను కూడా కలిపి తిట్టింది. అక్క మాత్రం చాలాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంది. అప్పటికి మా కోడలికి అయిదో నెల.

"నాకు ఓదెమ్మ కావాలె," అన్నది చివరికి. "గానీ ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది. ఆడ వద్దు తమ్మీ."

మరుసటి రోజు దుమ్ము దీవికి సంతకం పెట్టాను.

వారం తిరక్కముందే శంకర్ నీళ్ళ దీవికి సంతకం పెట్టాడు. పెడితే పెట్టాడు, గోదావరిఖని బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని మా బావకు పన్నెండు దాకా లెక్క రాదని చెప్పుకు తిరిగాడు. ఒక పెళ్ళిలో పదిమంది ముందు నిలదీశాను, ఆ రోజు గుంతలో చెయ్యి పెట్టింది ఎవరని. "నేను గుంతనే చూడలె బావా," అన్నాడు, ముక్క నములుతూ. నా ఒళ్ళు మండిపోయింది. ఆ మట్టి ఏమైందో తెలియకపోతే తెలియకపోనీ. తన చేత్తో కొలిచినవాడు లేదంటే ఎట్లా ఓర్చుకోవాలి?

చదువుకున్నవాళ్ళు మరో రకం. మా వీధిలో అద్దెకుండే ఒక కుర్ర ఇంజనీరు, కింద నేల గుల్లగా ఉండి మట్టి దిగిపోయి ఉంటుందని తేల్చేశాడు. దిగిపోతే దిగిపోయింది, తీసినప్పుడు తొమ్మిది తట్టలే ఎందుకు వచ్చింది, మిగతా మూడు ఎటుపోయాయి అని అడిగాను. ఫోన్ వచ్చినట్టు లేచిపోయాడు.

మూడేళ్లయింది. నీళ్ళ దీవిలో ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క గోడ బీటలు వారలేదు, పిల్లలు చక్కగా బడికి పోతున్నారు, శంకర్‌కు పొట్ట కూడా వచ్చింది. ఇక్కడ మేము కంచాలు తుడుచుకోకుండా అన్నం పెట్టుకోలేం. మనవడు చలికాలమంతా దగ్గుతాడు. వాణ్ణి దవాఖానకు తీసుకుపోయిన ప్రతిసారీ నా భార్య ఆ గుంత మాట ఎత్తుతుంది.

అక్క రెండు షేర్ ఆటోలు మారి నెలకోసారి ఓదెమ్మ దగ్గరికి పోయి వస్తుంది. వానాకాలం రోడ్డు మునిగితే అదీ లేదు. ఫోన్ చేద్దామంటే ఓదెమ్మకు చెవులు సరిగా వినపడవు. తిన్నవా అని అక్క మా వాకిట్లోంచి అరుస్తుంటే వీధిలో వాళ్ళంతా తిన్నాం అని జవాబిస్తారు. మొదట్లో అక్క నవ్వేది, ఇప్పుడు ఫోన్ పట్టుకుని లోపలికి పోతోంది.

మొన్న ఎండాకాలం ఇక ఆగలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా పార, తట్ట, బరకం తీసుకుని నీళ్ళ దీవికి పోయాను. ఓదెమ్మ ఇంటి పక్క జాగా ఇంకా ఖాళీగానే ఉంది. ఆమె అందులో మిరపకాయలు ఎండబోసింది. వాటిని పక్కకు జరిపి, పాత గుంతకు రెండు అడుగుల అవతల తవ్వాను. పన్నెండు తట్టలు వచ్చింది. తిరిగి పోస్తే పదికే నిండింది, రెండు మిగిలాయి. మళ్ళీ తీసి పోశాను, రెండు మిగిలాయి. తరువాత పాత గుంత చోటే తవ్వాను. అక్కడా రెండు మిగిలాయి. ఆ మట్టి కుప్పను చూస్తుంటే నాకు దాన్ని కాలితో తన్నాలనిపించింది. తన్నాను కూడా.

అలికిడికి కాదు, నీడ చూసి ఓదెమ్మ బయటికి వచ్చింది. గుంతను చూసింది, నన్ను చూసింది, ముఖమంతా వెలిగిపోయింది.

"ఇప్పటికన్న ఇల్లు కడుతున్నవా తమ్మీ? రాజవ్వకు చెప్పినవా?"

కాదని చెప్పాను. ఆమెకు వినపడలేదు. జాగా మార్చుకునే గడువు ఎప్పుడో అయిపోయిందని చెప్పాను. అదీ వినపడలేదు. అక్కకు ఇమ్మని సంచి నిండా మిరపకాయలు పోసి ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అక్క వాకిట్లోనే ఉంది. బండికి కట్టిన పార చూసింది. మిరపకాయల సంచి చూసింది. ఎక్కడికి పోయి వచ్చావని అడగలేదు.

"ఏమొచ్చింది?" అన్నది.

ఆమెకు నేను ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఆ ఆదివారమే ఒక అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది.

"తక్కువనే వచ్చిందక్కా."

అక్క పెద్దగా ఊపిరి వదిలింది. "అయితె మంచిపనే చేసినం," అని, సంచి ముందు వేసుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఆ మూడు తట్టల మట్టి ఎటుపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నేల దేని గురించి హెచ్చరించిందో, హెచ్చరికే అయితే ఎందుకు మాట మార్చిందో అంతకన్నా తెలియదు. మీలో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. మా అక్కకు మాత్రం చెప్పకండి.