వానకిచ్చిన గ్రౌండు

మా పీడీ సారు పోయారు. పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఎదురింటి పిన్ని వచ్చి చెప్పింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఆ రోజు ఎవరికి ఏం తూచి ఇచ్చానో నాకు గుర్తు లేదు.

పీడీ అంటే కాలేజీలో ఆటలు నేర్పే మాస్టారు. మాచర్లలో మా వీధికి ఎగువనే ఆ కాలేజీ. నేను ఆయన దగ్గర ఖోఖో ఆడాను. గెలిచిన ఆటలకంటే తిన్న చీవాట్లే ఎక్కువ గుర్తున్నాయి. ఆయన ఎవర్నీ పేరు పెట్టి తిట్టరు. "తల్లీ" అని మెత్తగా పిలిచారంటే మాత్రం ఇంకో రెండు రౌండ్లు పరుగెత్తక తప్పదు.

మా పల్నాటి నేల సంగతి తెలిసిందే, గునపం వేస్తే నిప్పులు రాలతాయి. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి ఆ గ్రౌండు నిండా రాళ్లేనట. అందుకని ఒక పద్ధతి పెట్టారు. ఆటకు దిగే ప్రతి పిల్లా, పిల్లాడూ ముందు దోసెడు రాళ్లు ఏరి అవతల పారబోసి రావాలి. "ముందు రాయి, తర్వాత ఆట" అనేవారు. ఏళ్ల తరబడి అలా ఏరగా ఏరగా, చెప్పుల్లేకుండా పరుగెత్తేంత మెత్తగా తయారైంది ఆ మట్టి. "మా ఆయనకి నా మీదకంటే ఆ మట్టి మీదే మనసు" అని సారు భార్య నవ్వుతూ అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

సాయంత్రం కాలేజీ వదిలే వేళకు గేటు దగ్గర విజిల్ పట్టుకుని ఆయనే నిలబడేవారు. "కాళ్లున్నోళ్లు ముందు, చక్రాలున్నోళ్లు తర్వాత" అన్నది ఆయన చట్టం. నడిచే పిల్లలు దాటాలి, తర్వాత సైకిళ్లు, ఆ తర్వాతే బైకులు, బస్సులు. ఒకసారి కరస్పాండెంట్ గారి కారును కూడా ఆపేశారు. "సారూ, ఏసీలో ఉన్నారు కదా, కాసేపు ఓపిక పట్టండి" అన్నారట!

తర్వాత కాలేజీ పెరిగింది. కొత్త బ్లాకు లేచింది, బస్సులు రెట్టింపయ్యాయి, ఖాళీ స్థలమంతా నాపరాళ్లు పరిచి పార్కింగ్ చేశారు. వాన పడితే నేల తాగాల్సిన నీళ్లన్నీ బండల మీదుగా జారి పల్లంలో ఉన్న మా వీధిలోకి దిగాయి. కొట్లో పప్పు బస్తాలు ఎత్తి మంచాల మీద పెట్టుకున్నాం. వీధి వీధంతా వెళ్లి కాలేజీ వాళ్ల మీద పడ్డాం.

వాళ్లు గుంటూరు నుంచి ఒక ఇంజనీరమ్మాయిని పిలిపించారు. ఆమె అంతా తిరిగి చూసి, ఈ నీళ్లను కాలవలు మోయలేవు, ఎగువనే ఆపి మెల్లగా వదలాలి అంది. ఆపడానికి వాలులో ఉన్నది గ్రౌండు ఒక్కటే. దాన్ని నడుం లోతు తవ్వాలట.

సారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "నా గ్రౌండుని గుంట చేస్తారా? నేనుండగా ఆ మట్టి మీద గునపం పడనియ్యను" అన్నారు. నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఆయనకు ఆట, మాకు ఇల్లు. అమ్మ మాత్రం, "ఆయన పెంచుకున్న నేలే అది. నొప్పి ఉండదా ఏంది?" అంది.

మళ్లీ వాన పడ్డ రోజు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి సారు మా వీధిలోకి వచ్చారు. చూసి పోదామని వచ్చినట్టున్నారు.

"కూర్చోండి సారూ అందామంటే కుర్చీ తేలిపోతా ఉంది" అంది అమ్మ.

ఆయన నవ్వలేదు. నీళ్లలోకి దిగి, నేను లాగలేకపోతున్న బస్తాకు రెండో కొస పట్టుకున్నారు. ఆఖరి బస్తా మంచమెక్కేదాకా మోశారు. వెళ్లేటప్పుడు, "చానా కష్టమమ్మా ఇది" అన్నారు అమ్మతో.

మర్నాడే కాలేజీ వాళ్ల దగ్గరికి వెళ్లి తవ్వుకోమని చెప్పారు. ఊరికే చెప్తే ఆయన పీడీ సారెందుకవుతారు? బస్సులు కాలేజీ లోపలే ఆగాలి, వెనక రోడ్డుకు ఇంకో గేటు తియ్యాలి అని మెలిక పెట్టారు. "ఈ గ్రౌండు వానాకాలం వానది, మిగతా కాలం పిల్లలది. కార్లది మాత్రం ఎప్పుడూ కాదు" అన్నారు. అన్నింటికీ ఒప్పించారు.

మట్టిని ట్రాక్టర్లకెత్తిన రోజు నేను టీ తీసుకుని వెళ్లాను. గ్లాసు చేతిలో పట్టుకున్నారేగానీ తాగలేదు. తవ్విన చోటుకేసి చూస్తూ, "కిందంతా మళ్లీ రాళ్లే తల్లీ" అన్నారు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. రిటైరయ్యాక కూడా ఎండాకాలం పొద్దున్నే వెళ్లి, వంగి ఏరుతూనే ఉండేవారు. చుట్టూ ఏటవాలుగా వదిలిన గట్ల మీద గడ్డి మొలిస్తే మాత్రం, "చూశావా, మనకి గ్యాలరీ కూడా వచ్చింది" అని మురిసిపోయారు.

ఆయన పోయే ముందు రోజు సాయంత్రం పెద్ద వాన. గ్రౌండు గట్ల దాకా నిండింది. మా వీధి మాత్రం తడిసి ఊరుకుంది. శ్మశానానికి దారి మా వీధి మీదుగానే. పాడె వెనక ఆయన దగ్గర ఆడిన పిల్లలు, మాతో ఆడి ఇప్పుడు తల నెరిసినవాళ్లు, అందరూ నడిచారు.

పాడె దాటగానే మైల పోవాలని గడప మీద నీళ్లు చల్లడం మా వీధిలో ఆచారం. ఈ విషయంలో అమ్మ చానా పట్టుదల మనిషి, సొంత మేనమామ పాడె వెళ్లినప్పుడు కూడా చల్లింది. అలవాటుగా నేను బకెట్ నింపి తెచ్చి ఆమె పక్కన పెట్టాను. అమ్మ కదల్లేదు. "నీళ్లు చల్లమ్మా" అన్నాను.

"ఏమే, నీకు బుద్ధుందా?" అంది. "ఈ గడపలోకి నీళ్లు రాకూడదని తన నేల తవ్విచ్చిన మనిషి. ఆయన పోతా ఉంటే అదే గడప మీద నేను నీళ్లు పొయ్యాలా?"

ఎదురింటి పిన్ని చేతిలో చెంబు కింద పెట్టేసింది. ఆ పక్కింటావిడా పెట్టేసింది. పాడె మలుపు తిరిగేదాకా మా వీధి ఆడవాళ్లందరూ నిండు బకెట్ల పక్కన అలాగే నిలబడి ఉన్నారు.