కూలర్ మూడో పిన్ను

మణుగూరులో మాది కిరాయి ఇల్లు. స్విచ్ బోర్డులకు రెండే రంధ్రాలు. కొత్త ఇనుప కూలర్ ప్లగ్గుకేమో మూడు పిన్నులు. పైనున్న లావు పిన్నును నేనే కటింగ్ ప్లేయర్‌తో విరిచేశాను. కూలర్ తిరిగింది. ఇంట్లో నన్ను ఇంజనీర్ అన్నారు. నేనూ కాదనలేదు.

వారం తిరక్కముందే కూలర్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. బాగు చేయించాల్సింది పోయి ఒక నియమం పెట్టాను: చెప్పులు లేకుండా దాని దగ్గరికి పోవద్దు. అమ్మ ఇంట్లోకి వేరే రబ్బరు చెప్పులు కొనుక్కుంది. "కూలర్‌కు గూడ మర్యాద కావాలెనే అమ్మా" అని నవ్వించాను. కూలర్ బాడీలోకి దిగిన కరెంటును భూమిలోకి పంపేది ఆ మూడో పిన్నేనని తెలియక కాదు. ఐటీఐ పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఆ మే నెలలో మా ఇంట్లో ప్రార్థన కూటం. మా ప్రాణాలు చెప్పుల మీద నడుస్తున్నాయని తెలుసు. కూటానికొచ్చేవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడుస్తారనీ తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదంతే. బట్టలు కుట్టే పక్కింటి ఆంటీ కాళ్లూ చేతులూ కడుక్కొని వచ్చి, గాలి తన వైపు తిప్పుకుందామని కూలర్ పట్టుకుంది. చెయ్యి అంటుకుపోయింది. నేను ఉరికి స్విచ్ బంద్ చేస్తే కింద పడిపోయింది.

ప్రాణానికి భయం లేదన్నారు దవాఖానాలో. కుడి చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. ఆమె కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేశారు. "ఈ ఇంట్ల కరెంటే మంచిది గాదు" అన్నారు అందరూ. కరెంటు తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. నేనూ మాట్లాడలేదు.

తర్వాతి వారం ఇంటి వెనక గుంత తవ్వడం మొదలుపెట్టాను. పైపు దింపి, చుట్టూ ఉప్పు, కట్టెబొగ్గు వేసి, అక్కణ్నుంచి కొత్త బోర్డుకు అర్తింగ్ తీగ లాగాలి. బొగ్గుగనుల ఊళ్లో కట్టెబొగ్గు కోసం నాలుగు దుకాణాలు తిరిగాను. ఆంటీ గోడవతల నిలబడి చూసింది.

"ఇప్పుడు తవ్వుతున్నవేంది బిడ్డా?"

"ఆంటీ, కూలర్ పిన్ను విరగ్గొట్టింది నేనే."

"తెల్సు."

"ఎవరు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పాల్నా? చీమ కుట్టినా జోకేసేటోనివి, దవాఖానల మూడు గంటలు కూసొని ఒక్క ముచ్చట చెప్పకపోతివి. నా చెయ్యి కంటె నీ మొకం చూస్తెనే భయమైంది."

క్షమించమన్నాను. ఆంటీ లోపలికి వెళ్లిపోయింది.

వణుకు కాస్త తగ్గాక మొదట మా అమ్మ జాకెట్టే కుట్టింది. భుజం దగ్గర కుట్టు వంకర పోయింది. అమ్మ అదే తొడుక్కొని చర్చికి వస్తుంది. నేను ఆ వైపు చూడను.