ఎడమకి తిరిగిన పడవ

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. చివరిదాకా విన్నవాళ్లు లేరు. శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన అధికారి సగంలోనే వాచీ చూసుకున్నాడు. పత్రికాయన మా ఇంట్లో టీ తాగి, ఫొటో తీసుకెళ్లి, మా తమ్ముడి పేరు తప్పుగా వేశాడు. దిద్దమని అడిగినందుకు నా ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకెవరినీ బతిమాలను. నేనే రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నేను దయ్యాల్ని నమ్మినవాణ్ణి కాదు. జాలరిపేటలో పుట్టాను, డిగ్రీ చదివాను, చేపల వేటకి వెళ్తాను. సముద్రం మీద మావాళ్లు చూశామనే వెలుగులన్నీ లంగరేసిన ఓడల దీపాలేనని వాదించి పేటలో చాలామందితో మాటలు పోగొట్టుకున్నాను. వాళ్లిప్పుడు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ.

సూరి నా తమ్ముడు. నాన్న పోయాక అమ్మ చేపలమ్మి మా ఇద్దర్నీ పెంచింది. వాడు సైన్యంలో పైలట్ శిక్షణకి ఎంపికైన రోజు అమ్మ బుట్టలో మిగిలిన చేపల్ని ఊరికే పంచేసింది.

ఆ శిక్షణలో స్పిన్ అని ఒకటుంటుంది. విమానాన్ని బాగా పైకి తీసుకెళ్లి, కావాలనే వేగం చంపి, పడనిస్తారు. అది ముక్కు కిందికి పెట్టి గిరగిరా తిరుగుతూ పడుతుంది. అందులోంచి బయటికి రావడం నేర్పుతారు. ఎటు తిరుగుతోందో చూసుకుని, దానికి ఎదురు కాలితో పెడల్ పూర్తిగా తొక్కాలి. చేతిలో ఉన్న కర్రని ముందుకి తోయాలి. తిరగడం ఆగగానే కాలు తీసేసి, కర్రని మెల్లగా వెనక్కి లాగాలి. వరస తప్పకూడదు.

సూరికి అక్కడే ఒక చిక్కొచ్చింది. వేటలో చేతులు వల మీద ఉన్నప్పుడు మేం ఇంజిన్ పిడిని కాలితోనే తోస్తాం. పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకి పోతుంది. విమానంలో కుడి కాలు తొక్కితే ముక్కు కుడికే పోతుంది. చిన్నప్పటి నుంచి పడవలో పెరిగిన కాలు కదా, మొదట్లో తప్పు వైపు తొక్కేవాడు. వాడు దాచుకునే రకం కాదు. నేర్పే అధికారికి నవ్వుతూ చెప్పేశాడు, మాది వేట సార్, అందుకే ఇలా అని.

సెలవుల్లో వచ్చినప్పుడు మాతో వేటకొచ్చాడు. పడవలో కూర్చుని, కాళ్లు అడ్డచెక్కకి తన్నిపెట్టి, మోకాళ్ల మధ్య తెడ్డు పట్టుకుని అదే పని. మా మేనత్త కొడుకు అప్పన్న బావ ఊరుకుంటాడా?

“ఏటిరా, వేటకొచ్చి డేన్సులేత్తన్నావ్? సేపలు సూసి నవ్వుతన్నాయ్.”

“నవ్వనీ బావా. ఎడం తిరిగితే కుడి కాలు. కర్ర ముందుకి. ఆగాక ఎనక్కి. నిద్దట్లో లేపి అడిగినా సెప్తాను.”

“మరాగకపోతే?”

“ఆగుద్ది. ఆగితే సాలదు బావా, కింద ఎత్తు మిగలాల.”

నన్ను కూడా కూర్చోబెట్టి ఆ వరస నేర్పాడు. నేను కాళ్లు తడబడితే పకపకా నవ్వాడు. వెళ్లేనాటికి వాడు ఒక్కసారి కూడా తప్పు చేయడం లేదు. అది నా కళ్లతో చూశాను.

తర్వాత జరిగింది చెబుతాను. నాలుగు నెలలు గడిచాయి. నేనూ బావా వేటలో ఉన్నాం. పొద్దెక్కింది. వల పడవలోకి లాగేశాం. ఇంజిన్ ఆపి ఉంది. గాలి లేదు, సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. బావ చద్దన్నం గిన్నె మూత తీస్తున్నాడు. నేను ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

పడవ తిరగడం మొదలుపెట్టింది. ఎడమకి. మొదట డాల్ఫిన్స్ నోస్ కొండ నా ఎదురుగా వచ్చింది, తర్వాత ఖాళీ సముద్రం, తర్వాత కైలాసగిరి, మళ్లీ మా పేట ఇళ్లు. రెండోసారికి ఇంకా వేగంగా తిరిగింది. కాస్త దూరంలో మరో బోటుంది, అది కదల్లేదు. బావ ఇంజిన్ వేసి పిడి తోశాడు. పడవ మాట వినలేదు. గిన్నె దొర్లిపోయి అన్నం కాళ్ల దగ్గర పడింది.

అప్పుడు నా కుడి కాలు దానంతట అదే చాచుకుంది. అడ్డచెక్కని తన్నింది. తీద్దామన్నా రాలేదు. రెండు చేతులూ పిడికిళ్లు బిగించి మోకాళ్ల మధ్య నుంచి ముందుకి పోయాయి. నేను చేసింది కాదది. చేస్తే తెలియదా?

పడవ ఆగిపోయింది. ముక్కు అటూ ఇటూ ఊగలేదు, టక్కున ఆగింది. కాలు చెక్క మీద నుంచి దిగింది. పిడికిళ్లు మెల్లగా నా గుండె వైపు రావడం మొదలుపెట్టాయి. సగం దూరం వచ్చాయి. అక్కడ, ఎవరో వదిలేసినట్టు, ఒళ్లో పడిపోయాయి.

బావ మొహం పాలిపోయింది.

“ఏటిరా అది? సూరిగాడిలా సేత్తన్నావేటి?”

తిన్నగా ఒడ్డుకి తోలుకొచ్చాం. ఒడ్డున జనం నిలబడి ఉన్నారు. మా అమ్మ ఇసుకలో కూర్చుని ఉంది. ఫోన్ అప్పటికే వచ్చిందని మాకు చెప్పక్కర్లేకపోయింది.

స్పిన్ నేర్పుతుండగా విమానం పడిపోయింది. వెనక సీట్లో కూర్చుని నేర్పే అధికారి పారాషూట్‌తో బయటపడ్డాడు. సూరి బయటపడలేదు.

విచారణ అయ్యాక శిక్షణ కేంద్రం నుంచి ఒక అధికారి వచ్చి నోటిమాటగా చెప్పాడు. విమానం ఎడమకి తిరిగిందట. సూరి కంగారులో ఎడమ కాలే తొక్కి పట్టాడట. “చిన్నప్పటి పడవ అలవాటు, ఆ క్షణంలో బయటపడి ఉంటుంది” అన్నాడు, మమ్మల్ని ఓదారుస్తున్నట్టు. నమ్మి చెప్పుకున్న మాటని వాడి మీదికే తిప్పారు.

నేను పడవ సంగతి చెప్పాను. నా అరికాలు చూపించాను. అడ్డచెక్క అంచు దిగిన మచ్చ అప్పటికీ నల్లగానే ఉంది. ఆయన చూసింది తన వాచీని. బావని సాక్ష్యం చెప్పమన్నాను. తల వంచుకుని, “నాకేటి తెలుసు బాబూ” అన్నాడు. ఆయన వెళ్లాక నా దగ్గరికొచ్చి, “ఒగ్గేయ్‌రా, సచ్చినోడు తిరిగొత్తాడేటి?” అన్నాడు. అప్పటి నుంచి బావతో వేటకి వెళ్లడం మానేశాను.

మాట పేటంతా పాకింది. చేపల బజారులో ఒకావిడ మా అమ్మని అందరి ముందూ అడిగింది. “ఏటొదినా, మీవోడు ఇమానాన్ని పడవనుకున్నాడేటి?” అమ్మ బుట్ట అక్కడే వదిలేసి వచ్చేసింది. ఇప్పుడు బస్సెక్కి భీమిలి వెళ్లి అమ్ముతోంది. అక్కడ తెలిసినవాళ్లు లేరు. పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే ఒక్కడేనని చెబుతోంది. నేను చేపలు దించడానికి వెళ్లినప్పుడు విన్నాను. విననట్టు బుట్ట దించాను.

ఆ ఉదయం పడవలో జరిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నరాలు గుంజి ఉంటాయన్నాడు డాక్టరు. అయితే పడవ ఎందుకు తిరిగింది? విమానం ఎటు తిరిగిందో ఎవరూ చెప్పకముందే నా పడవ ఎడమకే ఎందుకు తిరిగింది? భయపడ్డవాడి కాలు పాత అలవాటుకి పోవచ్చునని నాకూ తెలుసు. కొన్నాళ్లు నేనే అలా అనుకోబోయాను. కానీ తప్పు కాలు తొక్కితే తిరగడం ఆగదు, ఆ పడవ ఆగింది. అది నాకు తెలుసు.

ఆ వెనక సీట్లో కూర్చున్న అధికారిని అడుగుతున్నాను. మీరు బతికినందుకు నాకు కోపం లేదు. నా పడవ సంగతి నమ్మమని కూడా అడగను. విమానంలో వాడితో ఉన్నది మీరొక్కరే. ఒక్కసారి భీమిలి చేపల బజారుకి రండి, మా అమ్మ ఎదురుగా నిలబడండి. మీరు దూకే ముందు ఆ తిరగడం ఆగిందా, ఆగలేదా? ఒక్క మాట చెప్పండి.